ఎరుపు వేరు, కారం వేరు: ఎండుమిర్చిని తూచే రెండు అంకెలు

కిరాణా కొట్లో ఎండుమిర్చి కొనేటప్పుడు మనం ముందు రంగే చూస్తాం. ముదురెరుపు కాయ కనిపిస్తే కారం దంచేస్తుందనుకుంటాం, వెలిసిన కాయైతే చప్పగా ఉంటుందని పక్కన పెట్టేస్తాం. ఈ అలవాటు మన ఇళ్లలో తరతరాలుగా ఉంది. కానీ రంగును బట్టి కారాన్ని అంచనా కట్టడం పొరపాటు.

కేరళలో తెల్ల కాంతారి అనే చిన్న మిరప పండుతుంది. పేరుకు తగ్గట్టే తెల్లగా ఉంటుంది. సుగంధ ద్రవ్యాల బోర్డు ఇచ్చే వివరాల ప్రకారం దాని రంగు విలువ 2.96. అంటే ఎరుపు లేనట్టే. కారం మాత్రం మన గుంటూరు సన్నానికి రెట్టింపు కంటే ఎక్కువ. కర్ణాటక బ్యాడగి మిర్చి దీనికి సరిగ్గా ఎదురు. దాని రంగు విలువ 160 దాకా ఉంటుంది, కారం మాత్రం పిల్లలు కూడా తట్టుకునేంతే.

ఎండుమిర్చికి కారం ఒక అంకె, రంగు మరో అంకె. విదేశాలకు ఎగుమతి చేసేవారు, రంగు తీసే కంపెనీలవారు ఈ రెండూ చూడందే బస్తా కొనరు. ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే మన ఇళ్లకు ఆ అంకెలు తెలియవు. తెలిస్తే కొనే తీరు, వండే తీరు రెండూ మారతాయి.

కారాన్ని కొలిచిన మొదటి పద్ధతి

1912లో అమెరికాలోని డెట్రాయిట్‌లో విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు పార్క్ డేవిస్ మందుల కంపెనీలో పనిచేసేవాడు. నొప్పులకు రాసే వేడి పుట్టించే మందులో మిరప సారం వాడాలి. ఒక్కో విడత సరుకు ఒక్కో రకంగా మండుతుంటే మందు మోతాదు కుదరదు. అందుకని ఆయన ఒక పరీక్ష పెట్టాడు. ఎండుమిర్చి సారాన్ని ఆల్కహాల్‌లోకి దింపి, దాన్ని చక్కెర నీళ్లతో పలచన చేస్తూ ఐదుగురికి రుచి చూపించేవాడు. వాళ్ల నాలుకకు మంట తెలియకుండా పోవడానికి ఎన్ని వంతుల నీళ్లు పోయాల్సి వస్తే అదే ఆ మిర్చి కారం విలువ. దాన్నే ఇప్పుడు స్కోవిల్ యూనిట్లు అంటున్నాం.

నాలుక మీద నమ్మకం పెట్టుకున్న పద్ధతి కాబట్టి మనిషి మనిషికీ ఫలితం మారేది. నాలుగు చుక్కలు రుచి చూశాక నాలుక మొద్దుబారేది కూడా. ఇప్పుడు ప్రయోగశాలలో యంత్రంతో మిర్చిలోని క్యాప్సైసిన్ తరహా రసాయనాలను నేరుగా కొలుస్తారు. పది లక్షల భాగాల్లో ఒక్క భాగం క్యాప్సైసిన్ ఉంటే సుమారు 16 స్కోవిల్ యూనిట్లుగా లెక్క కడతారు. శుద్ధమైన క్యాప్సైసిన్ విలువ 1.6 కోట్లు కావడం ఈ లెక్క వల్లే.

ఈ లెక్కను గుంటూరు సన్నానికి వేసి చూద్దాం. బోర్డు వివరాల్లో దాని క్యాప్సైసిన్ 0.226 శాతం. అంటే పది లక్షల్లో 2,260 భాగాలు. 16తో గుణిస్తే సుమారు 36 వేల యూనిట్లు. ఒక గ్రాము సన్నం కారంలోని మంట పూర్తిగా తెలియకుండా పోవాలంటే 36 లీటర్ల చక్కెర నీళ్లు, అంటే రెండు మూడు బిందెలు, కావాలన్నమాట.

అదే లెక్కను ఇంటికి వర్తింపజేస్తే ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఏడాదికి 5 కిలోల సన్నం కారం పట్టించుకునే ఇంట్లో, ఆ 5 కిలోల్లో ఉన్న అసలు క్యాప్సైసిన్ 11 గ్రాములు మాత్రమే. కూరలు, పచ్చళ్లు, పులుసులు, పొడులు అన్నింటికీ ఏడాదంతా మంట పుట్టించేది ఆ 11 గ్రాములే. మిగతా 4,989 గ్రాములూ రంగు, వాసన, తీపి, పీచు, గింజ, తేమ.

కాయ విరిచి చూస్తే

ఒక ఎండు కాయను నిలువునా చీల్చి చూడండి. బయట ఎర్రటి తోలు. లోపల తొడిమ దగ్గర నుంచి కిందికి దిగే లేత పసుపు ఈనె, దాన్నుంచి చీలిన పల్చటి పొరలు. ఆ పొరలకు అతుక్కుని బల్లపరుపు గింజలు. కారం తయారయ్యేది ఆ ఈనెలో, పొరల్లో ఉండే సన్నటి గ్రంథుల్లో. గింజల్లో కారం పుడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజ తనంతట తాను కారం తయారు చేయదు. పొరలకు ఆనుకుని ఉండటం వల్ల పైన అంటిన కారమే దానిది.

కారం తగ్గాలని గింజలు దులిపేసినా కూర మండిపోవడానికి కారణం ఇదే. గింజలు పోయినా ఈనె కాయలోనే ఉండిపోతుంది. కారం తగ్గాలంటే కాయ చీల్చి ఈనెను, పొరలను గీకి తీసేయాలి. అప్పుడు రంగూ వాసనా తోలులో మిగులుతాయి, మంట చాలావరకు పోతుంది. గింజ ఎక్కువైతే పొడి రంగు మాత్రం పలచబడుతుంది. ఎండుకాయ బరువులో గింజల వాటా పెద్దది కాబట్టి, రంగు కోసం కొనేవారు గింజ తక్కువగా ఉండే రకాలకు మొగ్గు చూపుతారు.

నాలుక పొరబడే చోటు

కారం ఒక రుచి కాదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటివాటిని పట్టుకునే రుచి మొగ్గలతో దానికి పని లేదు. నోట్లో, చర్మంలో, కంట్లో వేడిని, నొప్పిని కనిపెట్టే నాడులుంటాయి. వాటి మీద టీఆర్‌పీవీ1 అనే ఒక ద్వారం ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుని, కాలుతోందని మెదడుకు కబురు పంపుతుంది. క్యాప్సైసిన్ వెళ్లి అదే ద్వారాన్ని తెరుస్తుంది. నోట్లో వేడి పెరగకపోయినా మెదడు మాత్రం నోరు కాలుతోందనే నమ్ముతుంది. ఒళ్లు చల్లబరచడానికి చెమట పట్టిస్తుంది, కడిగేయడానికి కన్నీళ్లు, ముక్కు నీళ్లు తెప్పిస్తుంది.

ఈ ద్వారాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించింది. మిరపకాయ కారాన్నే పనిముట్టుగా వాడి చేసిన ఆ పరిశోధనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఆర్డెమ్ పటాపూటియన్‌తో కలిసి జూలియస్ దాన్ని అందుకున్నారు. చిలకలకు, పిచ్చుకలకు కూడా ఈ ద్వారం ఉంది కానీ అది క్యాప్సైసిన్‌కు స్పందించదు. అందుకే చిలక పండు మిరపకాయను హాయిగా తిని, గింజలను దూరదూరాలకు చేరవేస్తుంది.

క్యాప్సైసిన్ నీళ్లలో దాదాపు కరగదు, కొవ్వులో బాగా కరుగుతుంది. కారం నషాళానికి అంటినప్పుడు చెంబెడు నీళ్లు తాగినా మంట తగ్గకపోవడానికి ఇదే కారణం. నీళ్లు దాన్ని నోరంతా పరుస్తాయి, తీసుకుపోవు. పాలలో, పెరుగులో ఉండే కేసిన్ అనే ప్రొటీన్ దాన్ని పట్టుకుని నాలుక మీద నుంచి లాగేస్తుంది. భోజనం చివర పెరుగన్నం తినే మన పద్ధతి కారం తిన్న నోటికి సరైన మందు.

పదేపదే కారం తగిలిన నాడులు కొంతకాలం స్పందన తగ్గించుకుంటాయి. కారానికి అలవాటు పడటం అంటే ఇదే. 8 శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీని సర్పి తర్వాత నెలల తరబడి వేధించే నరాల నొప్పికి వాడటానికి అమెరికా 2009లో అనుమతించిందంటే, ఆ సూత్రం మీదే.

రంగుకూ ఒక కొలబద్ద

ఎరుపు రంగుకు ముఖ్య కారణం క్యాప్సాంథిన్ అనే వర్ణద్రవ్యం. క్యారెట్ రంగుకు కారణమైన కెరోటిన్ కుటుంబానికే చెందింది. క్యాప్సైసిన్‌తో దీనికి చుట్టరికం లేదు. ఒకటి తోలులో, మరొకటి ఈనెలో, వేర్వేరు దారుల్లో తయారవుతాయి. ఒకటి పెరిగితే రెండోది పెరగాలన్న నియమం లేదు.

రంగు కొలతను అమెరికన్ సుగంధ ద్రవ్యాల వ్యాపార సంఘం పేరు మీద ఆస్టా విలువ అంటారు. మిరపపొడిని అసిటోన్‌లో 16 గంటలు చీకట్లో నానబెడతారు. రంగు దిగిన ఆ ద్రవం 460 నానోమీటర్ల కాంతిని ఎంతగా పీల్చుకుంటుందో యంత్రంలో చూసి లెక్క కడతారు. అంకె ఎంత పెద్దదైతే ఎరుపు అంత చిక్కన.

మనకు దొరికే ముఖ్య రకాలను ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూస్తే తేడా తేటతెల్లమవుతుంది.

- గుంటూరు సన్నం: కారం సుమారు 36 వేల యూనిట్లు, రంగు విలువ 32. భౌగోళిక గుర్తింపు ఉన్న రకం. గుంటూరు దగ్గర లాం పరిశోధన క్షేత్రం విడుదల చేసిన 334 రకం ఎంత పేరు పొందిందంటే, మిర్చి మార్కెట్ యార్డులో ఆ అంకె చెబితే చాలు, ఏ కాయో తెలిసిపోతుంది.
- తేజ: సన్నటి, చిన్న కాయ. కారం 50 వేల పైమాటే, మంచి సరుకైతే 90 వేల దాకా వెళ్తుంది. చైనాకు వెళ్లే మిర్చిలో దీనిదే పెద్ద వాటా. కారం సారం తీసే కంపెనీలకు ఇదే ముడిసరుకు.
- బ్యాడగి: ముడతలు పడిన పొడవాటి కాయ. కారం సుమారు 8 వేల నుంచి 15 వేలు, రంగు 100 పైన, మేలైన సరుకు 160 దాకా. 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.
- వరంగల్ చపాటా: ఉబ్బుగా ఉండే దొడ్డు కాయ. టమాటా మిర్చి అని కూడా పిలుస్తారు. కారం తక్కువ, రంగు ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందింది.
- తెల్ల కాంతారి: కారం సుమారు 80 వేలు, రంగు 3 కూడా లేదు.

రికార్డులకెక్కిన రకాలు వేరే లోకం. 2007లో గిన్నిస్‌కెక్కిన మన ఈశాన్య రాష్ట్రాల భూత్ జొలోకియా విలువ 10 లక్షలు దాటింది. 2023లో రికార్డు సాధించిన పెప్పర్ ఎక్స్ సగటు 26.93 లక్షలు. అవి మన రోజువారీ వంటకు వాడే కాయలు కావు. వంటకు కావాల్సిన మిర్చి గొప్పతనం పెద్ద అంకెలో లేదు, సరైన అంకెలో ఉంది.

కల్లంలో గెలిచేది, ఓడేది

చెట్టు మీద పండిన మిరపలో నాలుగింట మూడు వంతులు నీరే. 100 కిలోల పండుకాయలో గట్టి పదార్థం సుమారు 25 కిలోలు. ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదని ప్రమాణం. ఆ లెక్కన 100 కిలోల పండుకాయ కల్లం మీద 28 కిలోల ఎండుమిర్చిగా దిగుతుంది. నీరు పోతుంది కానీ క్యాప్సైసిన్ చాలావరకు ఉండిపోతుంది. అందుకే గ్రాముకు గ్రాము చూస్తే ఎండుకాయ కారం పండుకాయ కంటే మూడున్నర రెట్లు.

ఆ ఎండబెట్టడంలోనే రైతు అదృష్టం తేలుతుంది. తేమ మరీ తగ్గితే కాయ పెళుసై, బస్తాలో విరిగి గింజ రాలుతుంది. ఎక్కువైతే బూజు పడుతుంది, ఆ బూజుతో అఫ్లాటాక్సిన్ అనే విషం వస్తుంది. ఐరోపా దేశాలు మిర్చి కిలోలో మొత్తం అఫ్లాటాక్సిన్ 10 మైక్రోగ్రాములు దాటితే ఒప్పుకోవు. ఒక గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము. కల్లం మీద నేల తేమ తగిలిన నాలుగు కాయలు, ఒక అకాల వర్షం, రాత్రి మంచుకు పట్టా కప్పని ఒక్క పొరపాటు ఈ గీత దాటించడానికి చాలు.

రంగు వెలిసిన, మచ్చ పడిన కాయను యార్డులో తాలు అంటారు. మంచి కాయ ధర కంటే అది చాలా తక్కువకు పోతుంది. తాలు కాయలో మంట మిగిలి ఉన్నా, రంగు పోయిన నష్టమంతా రైతుదే. నిల్వలోనూ ముందు పోయేది రంగే. వెలుతురు, గాలి, వేడి మూడూ క్యాప్సాంథిన్‌ను తినేస్తాయి. క్యాప్సైసిన్ వాటికి అంత తొందరగా లొంగదు. గుంటూరు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు వెలిసింది ముఖ్యంగా ఆ ఎరుపును కాపాడటానికే. ఇంట్లో నిరుటి కారం గోధుమ రంగుకు తిరిగిందని చెంచా ఎక్కువ వేస్తే కూర మండిపోయేది ఇందుకే. రంగు పోయింది, కారం పోలేదు.

2023-24లో మన దేశం నుంచి సుమారు 6 లక్షల టన్నుల మిర్చి, 12 వేల కోట్ల రూపాయలకు పైగా విలువైనది, విదేశాలకు వెళ్లింది. ఇంత పెద్ద వ్యాపారానికి పునాది కల్లం మీద కాయ తిరగేసే కూలీ చేయి, ముచ్చికలు తీసే ఆడవాళ్ల వేళ్లు. రోజంతా ఆ పని చేసిన చేతుల మంట సబ్బుతో కడిగినా పోదు.

వంటింట్లో అంకెల పని

క్యాప్సైసిన్‌కు వాసన లేదు, మంట తప్ప రుచీ లేదు. ఎండుమిర్చి కమ్మదనం తోలులోని చక్కెరలు, ప్రొటీన్ ముక్కలు, సువాసన తైలాల నుంచి వస్తుంది. ఆ కమ్మదనం బయటపడాలంటే వేడి కావాలి, ఎంత వేడి అన్నదే కిటుకు.

ఉత్త మూకుడులో సన్న సెగ మీద దోరగా వేయిస్తే తోలు ఉబ్బి, కాయ గలగలలాడుతుంది, వాసన ఇల్లంతా వస్తుంది. అక్కడే దించాలి. ఇంకొక్క నిమిషం ఉంచితే నల్లబడి చేదెక్కుతుంది, ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతారు. పచ్చిపులుసులోకి, కందిపొడిలోకి, నల్లకారంలోకి ఈ వేపుడు కాయే ప్రాణం.

నూనెలో వేస్తే కథ మారుతుంది. కారం, రంగు రెండూ కొవ్వులో కరిగేవే కాబట్టి రెండూ నూనెలోకి దిగుతాయి. తాలింపులో కాయను నిండుగా వేస్తే వాసన ఎక్కువ, మంట తక్కువ. తుంచి వేస్తే ఈనె నూనెకు తగిలి మంట పెరుగుతుంది. శనగపప్పు, మినప్పప్పు ఎర్రబడ్డాక చివర్లో మిర్చి వేయమని పెద్దవాళ్లు చెప్పేది అది ముందే మాడిపోతుందనే.

ఆవకాయలో కారం వేగదు, పచ్చిగానే నూనెలో ఊరుతుంది. నెలల తరబడి ఆ నూనె రంగును, మంటను లాగుతూనే ఉంటుంది. అందుకే ఆవకాయకు రెండు అంకెలూ ముఖ్యమే. మంట కోసం సన్నం లాంటిది, ఎరుపు కోసం రంగు కాయ కలపాలి. ఎంత కలపాలో ఒక లెక్క చూడండి. ముప్పావు కిలో సన్నానికి పావు కిలో బ్యాడగి కలిపి పట్టించారనుకుందాం. సన్నం కారం 36 వేలు, రంగు 32. బ్యాడగి కారం 10 వేలు, రంగు 150 అనుకుంటే, కలిపిన పొడి కారం సుమారు 29,500, రంగు సుమారు 61. పావు వంతు రంగు కాయతో ఎరుపు దాదాపు రెట్టింపైంది, మంట తగ్గింది ఐదో వంతు లోపే. తేజతో ఇదే పని చేయాలంటే రంగు కాయ సగానికి సగం వేసినా కారం మిగులుతుంది. చపాటా దొరికేచోట బ్యాడగికి బదులు దాన్నే వాడుకోవచ్చు.

ఎరుపు మోజుకు కట్టిన మూల్యం

రంగు చూసి కారం అంచనా వేసే అలవాటు కల్తీకి తలుపు తీసింది. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిరప ఉత్పత్తుల్లో సుడాన్ 1 అనే, మైనాలకు వాడే రంగు ఉన్నట్టు ఫ్రాన్స్‌లో బయటపడింది. తినే పదార్థాల్లో వాడకూడని, క్యాన్సర్ అనుమానం ఉన్న రంగు అది. 2005లో బ్రిటన్‌లో ఆ రంగు కలిసిన మిరపపొడితో చేసిన ఒక సాస్ వల్ల వందల రకాల ఆహార పదార్థాలను దుకాణాల నుంచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ రంగు మంటను ఒక్క యూనిట్ కూడా పెంచదు. కొనేవాడి కంటిని మోసం చేయడానికి తప్ప దానితో ఏ ప్రయోజనమూ లేదు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. గ్లాసు నీళ్ల మీద చెంచా కారం చల్లండి, కలపొద్దు. నీళ్లలో కరిగే కృత్రిమ రంగు ఉంటే ఎర్రటి చారలుగా కిందికి దిగుతుంది. అడుగున చేరినది వేళ్ల మధ్య నలిపినప్పుడు గరగరలాడితే ఇటుక పొడో ఇసుకో ఉన్నట్టు. అయితే సుడాన్ లాంటి రంగులు నూనెలో కరిగేవి, నీళ్ల పరీక్షకు దొరకవు. వాటిని పట్టేది ప్రయోగశాలే. కాబట్టి కాయ కొని, ఎండలో పెట్టి, కళ్ల ముందు మర పట్టించుకోవడమే అన్నింటికంటే నమ్మకమైన దారి. పొడి కంటే కాయ ఎక్కువ కాలం రంగు నిలుపుతుంది గనుక ఒకేసారి ఏడాదికి పట్టించకుండా రెండు మూడు విడతలుగా పట్టించుకోవడం మేలు. గాలి చొరబడని డబ్బాలో, వెలుతురు తగలని చోట ఉంచండి.

కారం ప్యాకెట్ మీద ధర, బరువు, తేదీ ఉంటాయి. ఆ పొడి ఎంత మండుతుంది, దాని ఎరుపు ఎంత అన్న రెండు అంకెలు మాత్రం సాధారణంగా కనిపించవు. ఎగుమతి సరుకుకు ఆ రెండూ కొలుస్తున్నప్పుడు, మన ప్యాకెట్ మీద రెండు వరుసలు అచ్చు వేయడం కష్టమేమీ కాదు. అవి ఉంటే రంగు కలపాలన్న ఆశ తగ్గుతుంది, మంచి కాయ పండించి జాగ్రత్తగా ఎండబెట్టిన రైతుకు ఆ నాణ్యతకు తగ్గ ధర అడిగే ఆధారం దొరుకుతుంది. కొనేవాళ్లం అడగనిదే తయారీదారులు వేయరు. ఈసారి కారం కొనేటప్పుడు ఎంత ఎర్రగా ఉందో చూసి ఊరుకోకండి. ఏ రకం కాయ, ఎంత కారం, ఎంత రంగు అని అడగండి.